పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: ఉచితమన్నది తప్ప వేరే కారణం ఉందా?

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది. 2016లో కొన్న ల్యాప్‌టాప్. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేయబోతే ఈ యంత్రానికి కుదరదని చెబుతోంది. దుకాణంలో అడిగితే కొత్తది కొనమన్నారు, వద్దంటే ఎలాగోలా పదకొండు ఎక్కించి ఇస్తామన్నారు. మీరు బడిలో తెలుగు చెబుతారు, ప్రశ్నపత్రాలు స్వయంగా టైపు చేసుకుంటారు. అమ్మాయి ఇంజినీరింగ్ మొదటి ఏడాది. "లినక్స్ ఉచితం అని అందరూ అంటున్నారు. అది తప్ప మారడానికి గట్టి కారణం ఏమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. లినక్స్ కూడా విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. దానికి మారే కారణాల్లో నా మట్టుకు డబ్బు చివరిది. ల్యాప్‌టాప్ కొన్న రోజే విండోస్ ధర అందులో కలిపి కట్టేశారు, ఇప్పుడు మారినా అది వెనక్కి రాదు. మీ కంప్యూటర్ ఎన్నేళ్లు పనిచేయాలి, అది ఎవరికి ఏం చెప్పాలి, మీరు రాసుకున్నవి పదేళ్ల తరవాత తెరుచుకోవాలా వద్దా అనే నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి. మీరు మీ గురించి రాసిన నాలుగు వాక్యాల్లోనే ఈ మూడూ ఉన్నాయి.

ముందు యంత్రం సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడుకరులకు మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరమో ఆపైదో అయి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మీది ఆరో తరం, కాబట్టి జాబితాలో లేదు. ఈ నిబంధనకు భద్రతాపరమైన కారణాలు ఉన్నాయని ఆ సంస్థ చెప్పింది, అందులో కొంత నిజం ఉంది కూడా. అయినా మీ ప్రాసెసర్ నిన్న చేసిన లెక్కలన్నీ ఈ రోజూ చేస్తోంది. దాని ఆయుష్షు తీరిందని నిర్ణయించింది దానిలోని లోపం కాదు, ఒక సంస్థ గీసిన గీత. ఇక దుకాణంలో "ఎలాగోలా ఎక్కిస్తాం" అన్నది ఆ తనిఖీని దాటవేసి వేయడం. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అప్‌డేట్ల కోసం మారుతూ, అప్‌డేట్ల హామీ లేని చోటికి వెళ్లడంలో అర్థం లేదు.

లినక్స్ వైపు ఈ గీత ఎవరు గీస్తారు? ఎవరైనా గీయవచ్చు, కాని ఎవరి గీతా అందరినీ కట్టిపడేయదు. ఇది మంచితనం వల్ల వచ్చింది కాదు, లైసెన్సు వల్ల వచ్చింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఆ తరవాత దానికోసం జీపీఎల్ అనే లైసెన్సు రాశారు. ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ అనే తన కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని, బయటపెట్టి, మరుసటి ఏడాది దాన్ని అదే లైసెన్సు కిందికి తెచ్చారు. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకోవచ్చు, దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత) చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు, అయితే పంచేటప్పుడు ఎదుటివారికీ అవే హక్కులు ఇవ్వాలి. ఆ లైసెన్సు సారాంశం ఇంతే. సోర్స్ కోడ్ చదివే ఆసక్తి మీకు లేకపోవచ్చు. మీ తరఫున చదివేవారు, మార్చేవారు ఉండడానికి చట్టపరమైన అవకాశం ఉండడమే మీకు దక్కే లాభం.

ఇది కాగితం మీది హక్కు మాత్రమే కాదని చూపే సంఘటనలు చాలా ఉన్నాయి. 2011లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ (లినక్స్‌లో తెర మీద కనిపించే మెనూలు, కిటికీల ఏర్పాటు) తన మూడో వెర్షన్‌లో రూపురేఖలు పూర్తిగా మార్చేసింది. కింద పట్టీ, మెనూ అలవాటైనవారికి అది నచ్చలేదు. అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి పాత గ్నోమ్ కోడ్‌ను తీసుకుని మాటే అనే పేరుతో కొనసాగించడం మొదలుపెట్టారు. ఈ రోజుకీ అది నడుస్తోంది. లినక్స్ మింట్ అనే పంపిణీ (వాడుకోవడానికి సిద్ధంగా కూర్చి ఇచ్చే లినక్స్ రకం) బృందం సినమన్ అనే మరో డెస్క్‌టాప్ తయారు చేసుకుంది. పత్రాలు, పట్టికలు తయారుచేసే ఓపెన్ఆఫీస్ 2010లో ఒరాకిల్ సంస్థ చేతికి వెళ్లినప్పుడు, దాని భవిష్యత్తుపై నమ్మకం లేని ప్రోగ్రామర్లు అదే ఏడాది లిబ్రెఆఫీస్‌గా విడిపోయారు. ఇప్పుడు లినక్స్‌లో ఎక్కువమంది వాడుతున్నది లిబ్రెఆఫీసునే. 2020 డిసెంబర్‌లో రెడ్ హ్యాట్ సంస్థ, సర్వర్లలో వాడే సెంటాస్ 8 అనే పంపిణీకి మద్దతును ముందు చెప్పినదానికంటే ఏళ్ల ముందే, 2021 చివరికి ముగిస్తామంది. కొన్ని నెలల్లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ అని రెండు ప్రత్యామ్నాయాలు వచ్చాయి. ఈ మూడు సందర్భాల్లోనూ యజమాని నిర్ణయం నచ్చనివారికి మరో దారి దొరికింది. విండోస్ 10ను ఇష్టపడేవారు కోట్లమంది ఉన్నా, వారిలో ఎంత నిపుణులైనా, దాన్ని అలా కొనసాగించలేరు. కోడ్ వారి దగ్గర లేదు, ఉన్నా తాకే హక్కు లేదు.

ఇలా కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ లోకంలో ఏ పాత యంత్రాన్నీ వదిలేయరని మాత్రం అనుకోకండి. డెబియన్ అనే పంపిణీ 2025 ఆగస్టులో తెచ్చిన 13వ వెర్షన్‌లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. మీది 64 బిట్ యంత్రం కాబట్టి ఆ బెంగ లేదు. లినక్స్ సంస్థలు తప్పులు చేయవనీ అనుకోకండి. ఉబుంటు అనే మరో పంపిణీ 2012 అక్టోబర్‌లో తెచ్చిన 12.10 వెర్షన్‌లో, మన కంప్యూటర్‌లో ఏదైనా ఫైలు పేరు వెతికితే ఆ పదం బయటి సర్వర్‌కు వెళ్లి అమెజాన్ సరుకుల జాబితా కూడా ఫలితాల్లో వచ్చేది. గట్టి నిరసన వచ్చింది, స్టాల్‌మన్ దాన్ని బహిరంగంగా నిఘా సాఫ్ట్‌వేర్ అన్నారు. కానీ అది ఏం చేస్తోందో కోడ్‌లో కనిపించింది, ఒక ఆదేశంతో తీసేయగలిగారు, ఇష్టం లేనివారు వేరే పంపిణీకి వెళ్లిపోయారు. ఉబుంటు కూడా 16.04 నాటికి దాన్ని ముందస్తుగా ఆపివేసి ఇచ్చింది. విండోస్ 11 హోమ్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతారు, నిర్ధారణ సమాచారం పంపడాన్ని తగ్గించుకోవచ్చు గాని పూర్తిగా ఆపుకోలేరు. ఈ తేడా నాకు ముఖ్యం. ఇంట్లో కంప్యూటర్ ఆడపిల్ల చదువుకూ, మీ బ్యాంకు పనులకూ వాడుతున్నప్పుడు మీకూ ముఖ్యమే అనుకుంటాను.

ఇక మీ ప్రశ్నపత్రాల దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఈ విషయమంతా తెలుగువాడికి అన్నిటికంటే స్పష్టంగా కనిపించే చోటు అదే. పాత ప్రశ్నపత్రాలు 'అను' అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో ఉన్నాయని రాశారు. మన దగ్గర డీటీపీ సెంటర్లలో, చిన్న ప్రెస్సుల్లో ఒక తరం మొత్తం ఆ జంట మీదే పనిచేసింది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, కథా సంకలనాలు, జిల్లా పత్రికలు అన్నీ అందులోనే తయారయ్యాయి. ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కాని ఆ ఫైళ్ల లోపల ఉన్నది తెలుగు కాదు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు బొమ్మలు అతికించిన ఏర్పాటు అది. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. వెతికితే దొరకవు, వరుసక్రమంలో పేర్చలేరు, ఫోనులో చదవలేరు. పేజ్‌మేకర్‌ను నడిపిన అడోబీ 2001లో 7.0 వెర్షన్ తెచ్చి, ఆ తరవాత దానికి కొత్త వెర్షన్ తేలేదు. అంటే మన భాషలో పాతికేళ్ల రాతపని, కోడ్ బయట ఎవరి దగ్గరా లేని, మనలో ఎవరూ బాగుచేయలేని ఒక ప్రోగ్రాంలో ఇరుక్కుని ఉంది. పేజ్‌మేకర్ సోర్స్ కోడ్ బయట ఉండి ఉంటే, మన హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరో ఒకరు ఈ పాటికి దాన్ని యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణానికి) మార్చి ఉండేవారని నేను నిజంగా నమ్ముతున్నాను. అంత అవసరం ఇక్కడ ఉంది, అంత నైపుణ్యమూ ఉంది.

యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. లినక్స్‌లో తెలుగు చూపించే పని ఈ రోజు హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ చేస్తుంది. వత్తులు, గుణింతాలు, క్రారవడి అన్నీ సరిగ్గా పడతాయి. ఇదే ఇంజిన్ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోనూ ఉంది. టైపు చేయడానికి ఐబస్ అనే పనిముట్టు, దానితోపాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ అనే తెలుగు కీబోర్డు వరుసలు వస్తాయి. డీటీపీలో ఆపిల్ కీబోర్డు అలవాటైనవారికి వేళ్లు మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే. ఫాంట్ల విషయంలో లోటు లేదు. లోహిత్, నోటో ఎలాగూ ఉన్నాయి, పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు భాండాగారాల్లో (ఆ పంపిణీలు తమ సాఫ్ట్‌వేర్ ఉంచే చోట) దొరుకుతాయి. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, పెద్దన వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో అందుబాటులో ఉన్నాయి. పుస్తకం పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2017లో వచ్చిన 1.5.3 నుంచి అది తెలుగు లాంటి లిపులను సరిగ్గా చూపుతోంది. ప్రశ్నపత్రానికి మాత్రం స్క్రైబస్ దాకా అక్కర్లేదు, లిబ్రెఆఫీస్ రైటర్ చాలు.

పాత ఫైళ్లను ఏం చేయాలంటే, విండోస్ తీసేయకముందే పేజ్‌మేకర్ నుంచి పాఠ్యాన్ని బయటికి తీసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లలో పెట్టండి. మార్పు నూటికి నూరుపాళ్లు రాదు, సంయుక్తాక్షరాల దగ్గర కన్నేసి ఉంచాలి. తెలుగు పంతులుగారు కాబట్టి ఆ తప్పులు పట్టడం మీకు కష్టం కాదు. ఈ పని మీరు లినక్స్‌కు వెళ్లినా వెళ్లకపోయినా చేయండి. పేజీ అందంగా ఉన్నది ఉన్నట్టు కావాలనుకునేవాటికి పీడీఎఫ్ ప్రతి కూడా తీసి పెట్టుకోండి.

ఈ సందర్భంలో తెలుగు రాష్ట్రాల్లో జరిగిన కృషిని తలుచుకోవాలి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లలో, ఫైర్‌ఫాక్స్‌లో మెనూలు తెలుగులోకి వచ్చింది కాలేజీ పిల్లలు, ఉద్యోగులు తీరిక వేళల్లో కూర్చుని చేసిన అనువాదాల వల్లే. ఒక వాడుకరి అనువాదంలో తప్పు చూసి సరిదిద్ది పంపితే అది ప్రపంచంలోని తెలుగువారందరికీ చేరే ఏర్పాటు ఇది. మీవంటి భాషోపాధ్యాయులు అక్కడ చాలా అవసరం.

భద్రత గురించి రెండు వైపులా అతిశయోక్తులు వింటుంటాం. లినక్స్‌కు వైరస్ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. విండోస్ వైపు చూస్తే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై 2017 మే నెలలో ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది. వేసుకోనివారు, వేసుకోలేనివారు దెబ్బతిన్నారు. మన దగ్గర దొంగ విండోస్ వేయించుకున్నవారు అప్‌డేట్లు ఆపేసుకుంటారు, లైసెన్సు మోసం చేసే పనిముట్లతోపాటు ఏం లోపలికి వస్తోందో చూసుకోరు. లినక్స్ ఇచ్చే అసలు రక్షణ ఇక్కడ ఉంది. సాఫ్ట్‌వేర్ కోసం ఊరూపేరూ లేని సైట్ల చుట్టూ తిరగనక్కర్లేదు. డిజిటల్ సంతకం సరిచూసిన ఒకే భాండాగారం నుంచి ఆపరేటింగ్ సిస్టమ్, ఆఫీసు, ఫొటో ఎడిటర్ అన్నీ వస్తాయి, ఒకే మీటతో అన్నీ అప్‌డేట్ అవుతాయి. దొంగతనం చేయాల్సిన అవసరమే ఉండదు. మీ అమ్మాయికి ఇంట్లో ఈ అలవాటు ఏర్పడడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

కోడ్ అందరికీ కనిపిస్తే లోపాలు వెంటనే పట్టుబడతాయన్న వాదన సగమే నిజం. 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాంలో జరిగినది చూడండి. మారుపేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేస్తూ, నమ్మకం సంపాదించి, నిర్వహణ బాధ్యత చేతికి వచ్చాక అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన పరీక్షల్లో రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, కారణం వెతుకుతూ వెళ్లి దాన్ని పట్టుకుని, మార్చి 29న ప్రకటించారు. డెబియన్, ఉబుంటు స్థిర వెర్షన్లకు అది చేరకముందే ఆగింది. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి కావడం గమనించదగ్గది. ఇందులో అదృష్టం పాలు ఉంది, ఒంటరిగా ఇలాంటి ప్రోగ్రాంలు నడిపేవారికి ఎవరూ తోడు లేరన్న చేదు నిజమూ ఉంది. కాని అనుమానం వచ్చిన ఒక మనిషి ఎవరి అనుమతీ అడగకుండా మొదలంటా తవ్వి చూడగలిగాడు. మూసి ఉన్న వ్యవస్థలో ఆ అనుమానం ఫిర్యాదు దగ్గరే ఆగిపోయేది.

అమ్మాయి చదువు విషయానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సీ కంపైలర్, పైథాన్, గిట్ వంటి ప్రోగ్రామింగ్ పనిముట్లన్నీ లినక్స్‌లో సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంటాయి. రేపు ఉద్యోగంలో తాకే సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే. ఆపరేటింగ్ సిస్టమ్స్ అనే పాఠం రెండో మూడో ఏడాదిలో వస్తుంది. ప్రాసెస్ షెడ్యూలర్ (ఏ ప్రోగ్రాంకు ఎప్పుడు ప్రాసెసర్ ఇవ్వాలో నిర్ణయించే భాగం) గురించి పుస్తకంలో చదివిన సాయంత్రం అసలు షెడ్యూలర్ కోడ్ తెరిచి చూడగలగడం ఆ వయసులో ఎంత ఉత్సాహం ఇస్తుందో నేను చాలామంది పిల్లల్లో చూశాను.

ఇప్పుడు ఎవరు మారకూడదో కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరైనా ట్యాలీ మీద లెక్కలు రాస్తుంటే విండోస్ ఉంచండి. ఫొటోషాప్, ఆటోక్యాడ్ రోజువారీ పని అయితే అంతే. లినక్స్‌లో బొమ్మల పనికి దొరికే గింప్, ఇంక్‌స్కేప్ మంచివే కాని జీవనోపాధి ఒకదాని మీద ఉన్నప్పుడు అలవాటు మార్చుకోమనడం న్యాయం కాదు. మీసేవ తరహా పనులకు వాడే వేలిముద్ర యంత్రాలు, టెండర్లకూ పన్ను రిటర్నులకూ వాడే డిజిటల్ సంతకం టోకెన్లు లినక్స్‌లో ఇబ్బంది పెడతాయి. మీ విషయంలో ఒక్కటి చూసుకోండి. కొన్ని కాలేజీలు, కంపెనీలు ఆన్‌లైన్ పరీక్షలకు లాక్‌డౌన్ బ్రౌజర్లు (పరీక్ష సమయంలో వేరే ఏదీ తెరవనివ్వనివి) అడుగుతాయి. వాటిలో ఎక్కువ విండోస్, మ్యాక్‌లకే ఉన్నాయి. అమ్మాయిని ఈ సంగతి కాలేజీలో కనుక్కోమనండి. అవసరమైతే విండోస్‌ను చిన్న భాగంలో ఉంచి, రెండూ పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

వేగం గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. లినక్స్ తెరుచుకునేటప్పుడు తక్కువ ర్యామ్ తీసుకుంటుంది, నిజమే. అయినా బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా అదే బరువు. మీ యంత్రాన్ని ఇప్పుడు నెమ్మదిగా చేస్తున్నది పాత హార్డ్ డిస్క్. దాని స్థానంలో ఒక చిన్న సాటా ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ ధరలో అది ఏ మూలకూ రాదు, తేడా మొదటి రోజే తెలుస్తుంది. తీసిన హార్డ్ డిస్కులో మీ పాత విండోస్ అలాగే ఉంటుంది. ఏది తేడా వచ్చినా తిరిగి బిగిస్తే సరి. దీనివల్ల మీకు భయం లేకుండా పోతుంది, అందుకే ఈ పద్ధతినే సూచిస్తున్నాను.

లినక్స్ మింట్ సినమన్‌తో మొదలుపెట్టండి. కింద పట్టీ, మూల మెనూ మీకు తెలిసినట్టే ఉంటాయి. 22వ వరుస ఉబుంటు 24.04 మీద కట్టినది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌లో దాని ఐఎస్ఓ (ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉండే ఫైలు) ఎక్కించి, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఒక పూట నడిపి చూడండి. వైఫై, శబ్దం, కెమెరా, మూత వేస్తే నిద్రపోయి తీస్తే లేవడం, తెలుగు టైపింగ్ అన్నీ పరీక్షించండి. డౌన్‌లోడ్ చేసిన ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని తేల్చే సంకేతాన్ని) మింట్ సైట్‌లో ఇచ్చినదానితో తప్పక సరిపోల్చండి. ఇన్‌స్టాల్ అయ్యాక టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టును ఆన్ చేసుకుంటే, అప్‌డేట్ ఏదైనా తేడా చేసినప్పుడు వెనకటి స్థితికి వెళ్లవచ్చు. అది సిస్టమ్ ఫైళ్లనే కాపాడుతుంది, మీ పత్రాలకు విడిగా బ్యాకప్ కావాలి. అదే డిస్కులో రెండూ పెట్టాలనుకుంటే మాత్రం ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి.

ఇక మిగిలింది ప్రింటర్. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే ముద్రిస్తారు కాబట్టి ఇది ముందే తేల్చుకోవాలి. హెచ్‌పీ మోడళ్లలో ఎక్కువ భాగానికి ఆ సంస్థే ఇచ్చే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది. ఎయిర్‌ప్రింట్ (ఆపిల్ తెచ్చిన, డ్రైవర్ అక్కర్లేని ముద్రణ పద్ధతి) ఉన్న ప్రింటర్లు చాలావరకు విడిగా డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి. మన ఊళ్లలో బాగా కనిపించే కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు మాత్రం ప్రత్యేక డ్రైవర్ వెతకాలి, కొంత ఓపిక కావాలి. మీ ప్రింటర్ మోడల్, ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్ పేరు రాయండి. చిప్ పేరు విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద కనిపిస్తుంది. ఆ రెండూ తెలిస్తే మీ యంత్రంలో ముందుగా ఏం వేసుకోవాలో వరుసగా చెబుతాను.